మీకు తెలుసా? పాత రేడియోకి వెల కట్టేదెవరు?

తాతగారి మర్ఫీ రేడియో అటక దిగిందంటే చాలు, ‘ఇది ఇప్పుడు ఎంత చేస్తుంది?’ అనే మాట ఇంట్లో ఎవరో ఒకరి నోట వచ్చేస్తుంది. జవాబు చెప్పడానికి నిపుణులున్నారు, వేలం సంస్థలున్నాయి, టీవీ కార్యక్రమాలున్నాయి. వాళ్లు చెప్పే అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? వస్తువు ఏమిటో గుర్తుపట్టడం ఒక విద్య. దానికి రేపు ఎవరెంత ఇస్తారో చెప్పడం జోస్యం. రెండూ ఒకే మనిషి నోట వస్తాయి కాబట్టి మనం కలగలిపేసుకుంటాం. ఆ తేడా తెలిపే సంగతులు ఇవి.

తేనె రంగు కింద తెలుపు

1940ల మొదట్లో అమెరికాలో ఫాడా కంపెనీ తెచ్చిన ‘బుల్లెట్’ రేడియోలంటే సేకర్తలకు ప్రాణం. వాటి పెట్టెను క్యాటలిన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోశారు. ఇప్పుడు అందరూ ముచ్చటపడే ఆ తేనె రంగు సెట్లలో చాలా వరకు దుకాణంలో ఉన్నప్పుడు తెల్లనివి. ఏళ్లు గడిచేకొద్దీ పైపొర పసుపెక్కింది. నీలం రంగువి ఆకుపచ్చకు తిరిగాయి. పైపొరను సన్నగా గీకి మెరుగుపెడితే అసలు రంగు బయటపడుతుంది. అలా చేసిన సెట్టు విలువ పెరిగినట్టా, తగ్గినట్టా? సేకర్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. దీనికి తోడు క్యాటలిన్ కాలంతోపాటు కుంచించుకుపోయి పగులుతుంది. లోపలి వాల్వుల వేడి దీన్ని ఇంకా ముదరబెడుతుంది. వెంట్రుకంత పగులు కూడా ధరను గట్టిగా కిందికి లాగుతుంది. ఫొటో చూసి వెల కట్టేవారికి అది కనబడదు.

వస్తువు ఒకటే, ధరలు మూడు

బీమా కోసం రాసే విలువ అన్నిటికంటే ఎక్కువ. వస్తువు పోతే అలాంటిదే మరొకటి దుకాణంలో కొనడానికి ఎంతవుతుందో ఆ లెక్క. వేలం సంస్థ ఇచ్చే అంచనా అంతకంటే తక్కువ. పాటదారులను ఊరించడానికి కావాలనే తగ్గించి వేయడమూ ఉంది. వ్యాపారి చేతిలో పెట్టే సొమ్ము ఇంకా తక్కువ, ఎందుకంటే అతని షాపు అద్దె, మరమ్మతు ఖర్చు, లాభం అందులోంచే రావాలి. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. బీమా కాగితంలోని అంకె పట్టుకుని అమ్మకానికి బయల్దేరినవారు నిపుణుడు మోసం చేశాడనుకుంటారు. ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు, అడిగిన ప్రశ్న వేరై ఉండొచ్చు.

సున్నా డాలర్లు, 6.5 కోట్ల డాలర్లు

రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అనే అమెరికన్ కళాకారుడు 1959లో చేసిన ‘కాన్యన్’ అనే కృతిలో ఒక బోడతల డేగ కళేబరం ఉంది. ఆ పక్షిని అమ్మడం అమెరికా చట్టం ప్రకారం నేరం. దాని యజమానురాలు 2007లో చనిపోయాక వారసులు పిలిపించిన నిపుణులు ‘అమ్మే వీల్లేని వస్తువుకు మార్కెట్ ధర సున్నా’ అన్నారు. ఆదాయపన్ను శాఖ మాత్రం 6.5 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి, దానిమీద పన్ను కట్టమంది. చివరికి 2012లో వారసులు ఆ కృతిని న్యూయార్క్‌లోని మోమా మ్యూజియానికి ఇచ్చేసి గొడవ వదిలించుకున్నారు. రెండు పక్షాల వాదనలోనూ తర్కం ఉంది.

ఎవరి కోసమో చెప్పకుండా

కళాఖండాన్ని దానం చేసి పన్ను మినహాయింపు అడిగేవారికి దాని ధర ఎక్కువ ఉండాలి. వారసత్వపు పన్ను కట్టాల్సినవారికి తక్కువ ఉండాలి. నిపుణులు ఏదో ఒకవైపు ఒరుగుతారన్న అనుమానంతోనే అమెరికా పన్ను శాఖ 1968లో ఒక కళా సలహా మండలిని పెట్టింది. ఆ సభ్యులకు వస్తువు వివరాలు ఇస్తారు. మొదట వెల కట్టింది ఎవరో, ధర పెరిగితే పన్నుదారుకు లాభమో నష్టమో మాత్రం చెప్పరు.

రెండు వేలు అన్నారు, 77 లక్షలు పలికింది

2022 అక్టోబరులో పారిస్ దగ్గరి ఫోంటెన్‌బ్లోలో ఒసెనా అనే వేలం సంస్థ ఒక నీలి–తెలుపు చైనా కూజాను పాటకు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దపుదని నిపుణుడు తేల్చి, 1,500 నుంచి 2,000 యూరోల అంచనా వేశాడు. చైనా కొనుగోలుదారులు దాన్ని పద్దెనిమిదో శతాబ్దపుదని నమ్మారు. పాట 77 లక్షల యూరోల దగ్గర ఆగింది. రుసుములతో కలిపి 91 లక్షలు దాటింది. సంస్థ ఆ నిపుణుణ్ణి వదిలించుకుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పాట అంత ఎత్తుకు వెళ్లినంత మాత్రాన కూజా పాతదని రుజువైనట్టు కాదు. చాలామంది ఒకేసారి నమ్మారని మాత్రమే తెలిసింది.

సుత్తి పడింది, సొమ్ము పడలేదు

2010 నవంబరులో లండన్ శివారు రైస్లిప్‌లో ఒక చిన్న వేలం సంస్థ చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ కాలపు కూజాను 8 లక్షల నుంచి 12 లక్షల పౌండ్ల అంచనాతో పాటకు పెట్టింది. 4.3 కోట్ల పౌండ్లకు సుత్తి పడింది. ప్రపంచమంతా వార్త అయింది. పాడినాయన డబ్బు కట్టలేదు. రెండేళ్లకు పైగా నానిన తరువాత, 2013లో మరో సంస్థ ద్వారా గుట్టుగా చేతులు మారింది. పత్రికలు రాసిన ధర దాదాపు సగం. అయినా ఈ కూజా మాట ఎత్తితే చాలామంది చెప్పేది మొదటి అంకే.

ఎంబీబీఎస్ డాక్టరు, స్పెషలిస్టు

ఇంగ్లండ్‌లో ఒక దంపతులు వేటకుక్కల బొమ్మలున్న రెండు చిన్న చిత్రాలను స్థానిక వేలందారుకు ఇచ్చారు. ఆయన 30–40 పౌండ్ల విలువ కట్టాడు. 1985లో అవి 840 పౌండ్లకు పోయాయి. కొద్ది నెలలకే అవి ప్రసిద్ధ చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ గీసినవన్న పేరుతో లండన్ సోద్‌బీస్‌లో 88,000 పౌండ్లు పలికాయి. దంపతులు కోర్టుకెక్కారు. కింది కోర్టు వేలందారుదే తప్పంది. 1990లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఊళ్లో వేలందారు అన్ని రకాల జబ్బులూ చూసే మామూలు డాక్టరు లాంటివాడని, స్పెషలిస్టుకు ఉండాల్సిన పరిజ్ఞానం అతనికి లేదని తప్పు పట్టలేమని కోర్టు మాట. ఫర్నిచరు, వెండి, గడియారాలు, రేడియోలు అన్నిటికీ ఒకే మనిషి ధర చెబుతుంటే ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

బడిపిల్ల చేసిన ‘శతాబ్దపు’ కుండ

అమెరికాలో ‘యాంటిక్స్ రోడ్‌షో’ అనే టీవీ కార్యక్రమం ఉంది. జనం ఇంట్లోని పాత వస్తువులు పట్టుకొస్తే నిపుణులు అక్కడికక్కడే వెల చెబుతారు. వికృతమైన ముఖాలు చెక్కిన ఒక మట్టి కూజాను ఒకాయన 300 డాలర్లకు కొని తెచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం చివరిదో, ఇరవయ్యో శతాబ్దం మొదటిదో అయి ఉంటుందని, 30,000 నుంచి 50,000 డాలర్లు చేస్తుందని నిపుణుడు అన్నాడు. 2016లో కార్యక్రమం ప్రసారమయ్యాక అసలు సంగతి బయటపడింది. 1970లలో ఒరెగాన్ రాష్ట్రంలో హైస్కూలు విద్యార్థిని ఒకామె మట్టిబొమ్మల క్లాసులో చేసిన కూజా అది. విలువను 3,000–5,000 డాలర్లకు దించారు. దించిన ధర కూడా కొన్నదానికి పదింతలు! టీవీలో పేరు పడటమే దానికో విలువ తెచ్చిపెట్టింది.

పుచ్చకాయ కోసిన కత్తి

అదే కార్యక్రమంలో 1997లో మరో చిత్రం జరిగింది. ఒక యువకుడు అమెరికా అంతర్యుద్ధం నాటి కత్తి తెచ్చి, చిన్నప్పుడు దీంతో పుచ్చకాయలు కోశామని చెప్పాడు. నిపుణుడు ఆశ్చర్యపోయి 35,000 డాలర్లన్నాడు. అంతా నాటకం. ఆ యువకుడు ఆ నిపుణుడి, అతని భాగస్వామి మనిషే. టీవీలో పేరు తెచ్చుకుని, ఆ పేరుతో సైనికుల వారసుల దగ్గర వస్తువులను చవకగా కొని, చాలా ఎక్కువకు తిప్పి అమ్మారని తేలింది. వారిలో ఒకరికి 2002లో ఏడాది జైలుశిక్ష పడింది. వెల కట్టేవాడే కొనేవాడైతే తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

ఒకే దేశం, రెండు తీర్పులు

ఫ్రాన్స్‌లో ఒక దంపతులు 1968లో ఒక చిత్రాన్ని కరాచ్చీ అనే ఇటలీ చిత్రకారుల శిష్యులదన్న నిపుణుడి మాట మీద 2,200 ఫ్రాంకులకు అమ్మారు. ప్రభుత్వం ముందుగా కొనే తన హక్కు వాడుకుని దాన్ని తీసుకుంది. ఆ తరువాత లూవ్ర్ మ్యూజియం అదే చిత్రాన్ని ప్రఖ్యాత చిత్రకారుడు నికొలా పుస్సాన్ గీసినదిగా ప్రదర్శించింది. 1987 దాకా కోర్టుల్లో నడిచిన ఆ వ్యాజ్యంలో అమ్మకం చెల్లదనే తేలింది.

అదే ఫ్రాన్స్‌లో మరో వృద్ధ దంపతులు అటకలోని ఆఫ్రికా ముసుగును పాత సామాన్ల వ్యాపారికి 150 యూరోలకు ఇచ్చేశారు. గాబన్ ప్రాంతపు ఫాంగ్ తెగ ముసుగు అది. 2022లో వేలంలో 42 లక్షల యూరోలు పలికింది. 2023 డిసెంబరులో కోర్టు వ్యాపారి వైపే నిలిచింది. మొదటివారు నిపుణుణ్ణి నమ్మి నష్టపోయారు, చట్టం ఆదుకుంది. రెండోవారు అమ్మేముందు ఏ నిపుణుణ్ణీ అడగలేదు, చట్టం ఆదుకోలేదు. అనుమానించడం వేరు, అసలు అడగకపోవడం వేరు.

గురువుగారే దొంగ

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి కుర్చీల గురించి బిల్ పాలో కంటే తెలిసినవారు లేరని పేరు. ఆ విషయం మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఆ రంగంవారు ప్రమాణంగా చూసేవారు. ఒక చెక్కపనివాడితో కలిసి ఆయనే రాజులనాటి కుర్చీలను తయారు చేయించి అమ్మారు. వర్సాయ్ రాజప్రాసాదం కూడా కొంది. వాటిలో కొన్నిటిని జాతీయ సంపదగా ప్రకటించారు కూడా! 2025లో కోర్టు ఆయనను దోషిగా తేల్చింది. నకిలీని పసిగట్టే కన్ను ఉన్నవాడికి, ఆ కన్ను కప్పే దారీ తెలుస్తుంది.

రేడియో పెట్టెలోంచి వచ్చిన ‘వెర్మీర్’

పాత రేడియో పెట్టెల నల్లటి, గోధుమరంగు ప్లాస్టిక్ బేకలైట్. లియో బేకలాండ్ 1907లో కనిపెట్టాడు. అదే జాతి రెసిన్‌తో కళాచరిత్రలో ఒక పెద్ద మోసం జరిగింది. అసలు పాత తైలవర్ణ చిత్రంలో రంగు గట్టిపడి ఉంటుంది. ఆల్కహాలు దూదితో తుడిచినా కరగదు. కొత్త రంగు కరుగుతుంది. డచ్ చిత్రకారుడు హాన్ వాన్ మేగరెన్ రంగుల్లో ఫినాల్–ఫార్మాల్డిహైడ్ రెసిన్ కలిపి, చిత్రాన్ని పొయ్యిలో కాల్చి గట్టిపరిచాడు. 1937లో అబ్రహాం బ్రేడియస్ అనే మహా నిపుణుడు దాన్ని పాత డచ్ చిత్రకారుడు వెర్మీర్ కళాఖండమన్నాడు. రోటర్‌డామ్ మ్యూజియం గోడకెక్కింది. ఆ రెసిన్ పుట్టడానికి ఎంతో ముందే, 1675లోనే వెర్మీర్ చనిపోయాడు. 1945లో, శత్రువులకు జాతి సంపద అమ్మాడన్న కేసులో ఇరుక్కున్నాక ‘అవన్నీ నేను గీసినవే’ అని వాన్ మేగరెన్ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరూ నమ్మకపోతే కాపలా మధ్య ఇంకో ‘వెర్మీర్’ గీసి చూపించాడు. నిపుణుడి కంటికి చిక్కనిది చివరికి రసాయన పరీక్షలో బయటపడింది.

డయల్ చెప్పే వయసు

రేడియో విషయంలో అదృష్టం ఏమిటంటే, కొన్ని ఆధారాలు మనమే చదువుకోవచ్చు. హెర్ట్జ్ అనే కొలమానాన్ని అంతర్జాతీయ తూనికలు, కొలతల సమావేశం ఆమోదించింది 1960లో. అంతకుముందు అమెరికన్ సెట్ల డయల్ మీద కిలోసైకిల్స్ అని రాసేవారు. కిలోహెర్ట్జ్ అని ఉన్న అమెరికన్ సెట్టును 1940లదంటే అనుమానించాలి. జర్మన్ సెట్లకు ఈ సూత్రం పనికిరాదు, వాళ్లు హెర్ట్జ్‌ను ముందే వాడారు. ఇంకో గుర్తు ఉంది. డయల్ మీద 640, 1240 అంకెల దగ్గర చిన్న త్రికోణాలు కనిపిస్తే అది 1953–1963 మధ్య అమెరికా మార్కెట్టుకు చేసిన సెట్టు. అణుదాడి జరిగితే ప్రజలు ఆ రెండు చోట్లకు తిప్పుకోవాలని ప్రభుత్వం పెట్టించిన గుర్తులవి. అసలు గుడి గోపురం ఆకారంలో ఉన్న 1930ల రేడియో అంటూ చూపించే దానికి పక్కన క్యాసెట్ పెట్టే అర ఉంటే, ఇక నిపుణుడితో పనే లేదు.

మొదటిదైతే ఖరీదైనదా?

మార్కెట్లోకి వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియో అమెరికాలో 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్–1. అప్పటి ధర 49.95 డాలర్లు. ధరల పెరుగుదల లెక్క వేస్తే ఆ సొమ్ము ఈనాటి 500 డాలర్ల పైమాటే. చరిత్రలో అంత చోటున్నా, మామూలు రంగు సెట్టు కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంటుంది. కారణం సులువు. ఆ మోడల్ పెద్ద సంఖ్యలో అమ్ముడైంది, దాచుకున్నవారూ ఎక్కువే. ‘చారిత్రకం’ అన్న మాటకు నిపుణుడు వేసే బరువు కొనేవాడు వేయడు.

వెనక చెక్క విప్పారా?

వాల్వు రేడియోలో ముందుగా పాడయ్యేవి కెపాసిటర్లు. మైనపు కాగితం చుట్టినవి కరెంటు లీకవుతాయి, ఎలక్ట్రోలైటిక్‌లు ఎండిపోతాయి. ఏళ్లతరబడి మూలనున్న సెట్టును నేరుగా ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో లోపలి లోహపు చట్రానికే కరెంటు వచ్చి ప్రాణాపాయం కూడా ఉంది. అందుకే మెకానిక్కులు కెపాసిటర్లు మారుస్తారు. ఓపికున్నవారు పాత కెపాసిటర్ గుల్లను తొలిచి, కొత్తది అందులో దాచి, పైకి అచ్చం పాతదానిలాగే కనబడేటట్టు చేస్తారు. ఫర్నిచరు మాత్రమే తెలిసిన నిపుణుడు చెక్క పెట్టె నునుపు చూసి ధర చెబుతాడు. రేడియో తెలిసినవాడు ముందు వెనక చెక్క విప్పుతాడు.

హెచ్‌ఎంవీ బూరలు, కొత్త పెట్టెలు

మెరిసే ఇత్తడి బూర, నున్నటి చెక్కపెట్టె, కుక్క బొమ్మ బిళ్ల. ఇలాంటి ‘పాత’ గ్రామఫోన్లు పర్యాటకుల బజార్లలో బోలెడు. వీటిలో చాలా వరకు మన దేశంలోనే ఈమధ్య కూర్చినవి. పాత పోర్టబుల్ పెట్టెల మోటార్లకు కొత్త బూర, కొత్త పెట్టె తగిలిస్తారు. విదేశీ సేకర్తలు వీటికి ఎగతాళి పేర్లు పెట్టుకున్నారు. అసలైన కంపెనీ పెట్టెలు 1920ల తరువాత ఎక్కువగా బూరను లోపలే దాచుకున్నవి. సినిమాల్లో చూసి మనం ముచ్చటపడే బూర, నకిలీలు చేసేవారికీ అందుకే ముచ్చట.

మన చట్టం లెక్క వేరు

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే వస్తువుకు కనీసం 100 ఏళ్లు నిండాలి. చారిత్రక, సాహిత్య విలువున్న రాతప్రతులకు 75 చాలు. అలాంటి వాటిని విదేశాలకు పంపే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకే ఉంది. మన దేశంలో క్రమబద్ధమైన ప్రసారాలు మొదలైంది 1927లో. కాబట్టి ఇళ్లలోని రేడియోల్లో దాదాపు ఏదీ చట్టం దృష్టిలో పురావస్తువు కాదు. ఇక పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి తెచ్చుకున్న రేడియో లైసెన్సు పుస్తకం ఇంట్లో ఉంటే పారేయకండి. 1980లలో ఆ పద్ధతి పోయింది. సెట్టు ఎవరిదో, ఏ కాలంలో ఆ ఇంట్లో మోగిందో చెప్పే సాక్ష్యం అది. నిపుణుడి సంతకం కంటే గట్టిది.

ఒక్కరే కొనేటప్పుడు

హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో జాకబ్ అనే వ్యాపారి తెచ్చిన వజ్రం ధర మీద తగాదా వచ్చి 1891లో కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. 184.75 క్యారెట్ల ఆ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుగా వాడాడని చెప్పుకుంటారు. 1995లో సుప్రీంకోర్టు దాకా నడిచిన వివాదం ముగిశాక, కేంద్ర ప్రభుత్వం దాంతో కలిపి 173 నిజాం నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొంది. అంతర్జాతీయ వేలంలో ఇంకెంత పలికేవో అన్నది ఊహే, ఎందుకంటే వాటిని దేశం దాటించే వీల్లేదు. కొనేవారు ఒక్కరే అయినప్పుడు ఏ నిపుణుడి అంచనా అయినా కాగితం మీదే ఉంటుంది.

నిపుణుడి వేషం

2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ కుట్టుమిషన్లలో ‘ఎర్ర పాదరసం’ ఉందని పుకారు పుట్టి, వాటి ధరలు వేల డాలర్లకు ఎగిరాయి. అలాంటి పదార్థమే లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ పాత్ర రైస్ పుల్లర్‌ది. బియ్యపు గింజలను లాగే పాత రాగి చెంబు ఉందని, అంతరిక్ష సంస్థలు కోట్లు ఇచ్చి కొంటాయని నమ్మిస్తారు. అసలు కీలకం తరువాత వస్తుంది. పరీక్షించడానికి శాస్త్రవేత్త వస్తాడు, ఆయన ఫీజు మీరే కట్టాలి. 2018లో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న తండ్రీకొడుకుల దగ్గర రేడియేషన్ నుంచి కాపాడే దుస్తుల్లాంటివి దొరికాయి. అమ్మింది చెంబు కాదు, నిపుణుడి మీద మనకున్న నమ్మకం.

తెలియదని రాసిన మ్యూజియం

లాస్ ఏంజెలెస్‌లోని గెట్టి మ్యూజియం 1985లో కొన్న యువకుడి పాలరాతి విగ్రహం అసలుదో నకిలీదో ఏళ్లతరబడి వాదించినా తేలలేదు. చివరికి దాని కింద ‘గ్రీకు, సుమారు క్రీ.పూ. 530, లేదా ఆధునిక నకిలీ’ అన్న అర్థంలో చీటీ పెట్టారు. 2018లో ప్రదర్శన నుంచే తీసేశారు. కోట్ల డాలర్ల మ్యూజియమే ‘లేదా’ అని రాయగలిగినప్పుడు, తడుముకోకుండా ఒకే అంకె చెప్పే మనిషి దగ్గర కాస్త జాగ్రత్త పడాలి.

అడగాల్సిన నాలుగు మాటలు

ఈ ధర దేనికోసం: బీమాకా, వేలానికా, రేపే అమ్మడానికా? ఇలాంటి సెట్టు ఈమధ్య నిజంగా ఎంతకు అమ్ముడైంది? వెనక విప్పి చూశారా? దీన్ని కొనే ఉద్దేశం మీకుగానీ, మీకు తెలిసినవారికిగానీ ఉందా? నాలుగింటిలో రెండోది అన్నిటికంటే ముఖ్యం. అమ్మకానికి పెట్టినవాళ్లు రాసుకున్న ధరలు ఎన్నయినా కనబడతాయి, ఆ ధరకు ఏళ్లతరబడి కదలని సెట్లే వాటిలో ఎక్కువ. ‘ఇలాంటిదే లక్ష చెబుతున్నారట’ అంటే అది చెప్పే ధర. ఆ లక్ష చేతిలో పెట్టి సెట్టు పట్టుకెళ్లిన మనిషి ఉన్నాడా అన్నదే లెక్క.